ఢిల్లీ నుంచి టోక్యోకు: దూరం ఒకటే, సమయాలు రెండు

ఢిల్లీలోని ఇందిరాగాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికీ టోక్యోలోని హనేదా విమానాశ్రయానికీ మధ్య దూరం సుమారు 5,860 కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడా ఆగని విమానం ఢిల్లీలో బయల్దేరి ఏడు, ఏడున్నర గంటల్లో టోక్యో చేరుతుంది. అదే విమానం వెనక్కి రావడానికి మాత్రం తొమ్మిది గంటల పైనే పడుతుంది. దూరం మారలేదు, విమానం మారలేదు, ఇంజన్ల బలమూ తగ్గలేదు. అయినా తిరుగు ప్రయాణం దాదాపు రెండు గంటలు ఎక్కువ. దూరాన్ని భూమి ఆకారం నిర్ణయిస్తే, సమయాన్ని పదకొండు కిలోమీటర్ల ఎత్తున వీచే గాలి నిర్ణయిస్తుంది. ఆసియాలో ఏ రెండు విమానాశ్రయాల మధ్య ప్రయాణాన్ని అర్థం చేసుకోవాలన్నా ఈ రెంటినీ విడివిడిగా చూడాలి.

దూరం లెక్క

రెండు విమానాశ్రయాల మధ్య దూరం కట్టడానికి కావలసినవి వాటి అక్షాంశ, రేఖాంశాలు మాత్రమే. ఢిల్లీ విమానాశ్రయం 28.57 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.10 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. హనేదా 35.55 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 139.78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. భూమి కేంద్రం నుంచి ఈ రెండు చోట్లకూ రెండు గీతలు గీస్తే వాటి మధ్య ఏర్పడే కోణాన్ని గోళ త్రికోణమితి సూత్రంతో లెక్కించవచ్చు. ఆ కోణం 52.7 డిగ్రీలు వస్తుంది. భూమి సగటు వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు కాబట్టి, కేంద్రం దగ్గర ఒక్కో డిగ్రీకి ఉపరితలం మీద దాదాపు 111.2 కిలోమీటర్లు. 52.7ను 111.2తో హెచ్చిస్తే 5,860 వస్తుంది.

వైమానిక రంగంలో దూరాన్ని నాటికల్ మైళ్లలో చెబుతారు. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు. డిగ్రీలో అరవయ్యో వంతు కోణానికి భూమి మీద వచ్చే దూరం దాదాపు అంతే. అందుకే కోణాన్ని 60తో హెచ్చిస్తే చాలు, దూరం నాటికల్ మైళ్లలో దొరుకుతుంది. ఢిల్లీ–హనేదా మధ్య అది సుమారు 3,160.

భూమి అచ్చమైన గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఈ తేడాను లెక్కలోకి తీసుకుంటే ఢిల్లీ–టోక్యో దూరం మరో పది కిలోమీటర్లు పెరుగుతుంది. విమానం నేల మీద కాక పదకొండు కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది కనుక ఇంకో పది కిలోమీటర్లు కలుస్తాయి. ఆరువేల కిలోమీటర్ల ప్రయాణంలో ఇవి పెద్దగా లెక్కలోకి రావు. టోక్యోకు రెండు పెద్ద విమానాశ్రయాలు ఉండటం వల్ల వచ్చే తేడా వీటికంటే ఎక్కువ. నగరానికి తూర్పున ఉన్న నరితాలో దిగే విమానం హనేదాలో దిగేదానికంటే సుమారు 50 కిలోమీటర్లు ఎక్కువ దూరం వెళ్లాలి.

పటం మీద గీత, గోళం మీద గీత

బడి గోడమీద వేలాడే ప్రపంచ పటంలో ఢిల్లీ నుంచి టోక్యోకు స్కేలు పెట్టి గీస్తే ఆ గీత తూర్పు దిక్కుగా, కొద్దిగా ఉత్తరానికి వాలుతూ పోతుంది. దిక్సూచిని ఒకే దిక్కులో నిలిపి ప్రయాణిస్తే పట్టే దారి అదే. దాని పొడవు సుమారు 5,950 కిలోమీటర్లు. గోళం మీద అతి దగ్గరి దారి మాత్రం మహావృత్తం వెంబడి ఉంటుంది. భూమి కేంద్రం గుండా పోయే తలం భూమిని కోస్తే ఏర్పడే వృత్తమే మహావృత్తం. ఆ దారి 90 కిలోమీటర్లు తక్కువ.

ఢిల్లీ నుంచి మహావృత్తం ఈశాన్యంగా బయల్దేరుతుంది. ఉత్తరాఖండ్ దాటి, నేపాల్ వాయవ్య మూల దగ్గర హిమాలయాల మీదుగా టిబెట్‌లోకి పోతుంది. చైనాలోని చింగ్‌హాయ్, గాన్సు ప్రాంతాల మీదుగా సాగుతుంది. షాన్‌డాంగ్ ద్వీపకల్పం దగ్గర 37 డిగ్రీల అక్షాంశాన్ని తాకి, అక్కడి నుంచి మెల్లగా దక్షిణానికి వంగుతుంది. పసుపు సముద్రం, దక్షిణ కొరియా, జపాన్ సముద్రం దాటి టోక్యోలో ముగుస్తుంది. గమ్యం ఉన్న అక్షాంశం కంటే ఎక్కువ ఉత్తరానికి వెళ్లి మళ్లీ కిందికి రావడం పటంలో చుట్టుదారిలా కనిపిస్తుంది. గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే మాత్రం అది ఈ దారినే పడుతుంది.

టిబెట్ మీదుగా ఎందుకు పోరు

ఇంత దగ్గరి దారి ఉన్నా ఢిల్లీ–టోక్యో విమానాలు సాధారణంగా దాన్ని పట్టవు. గంగా మైదానం మీదుగా తూర్పుకు వెళ్లి, మయన్మార్ దాటి, చైనా నైరుతిలోని కున్‌మింగ్ వైపు ప్రవేశిస్తాయి. దీనికి కారణం ఎవరెస్ట్ ఎత్తు కాదు. 8,849 మీటర్ల ఆ శిఖరం కన్నా విమానాలు చాలా పైనే ఎగురుతాయి. అసలు చిక్కు అత్యవసరంగా కిందికి దిగాల్సి వచ్చినప్పుడు వస్తుంది.

విమానం లోపలి పీడనం ఏ కారణం చేతనైనా ఒక్కసారిగా పడిపోతే ప్రయాణికుల తలలపై నుంచి ఆక్సిజన్ మాస్కులు దిగుతాయి. చాలా విమానాల్లో ఆ ఆక్సిజన్ పన్నెండు నుంచి ఇరవై నిమిషాల దాకా సరిపోతుంది. ఆలోగా పైలట్లు విమానాన్ని మనుషులు మామూలుగా ఊపిరి పీల్చుకోగల 10,000 అడుగుల ఎత్తుకు, అంటే 3,050 మీటర్లకు దించాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే దాదాపు 4,500 మీటర్లు. విమానం దిగాల్సిన ఎత్తు కంటే అక్కడి నేలే పైన ఉంటుంది. పీఠభూమి వందల కిలోమీటర్ల మేర పరుచుకొని ఉండటంతో ఆక్సిజన్ అయిపోయేలోగా దాన్ని దాటడమూ కుదరదు.

రెండో చిక్కు ఇంజన్‌ది. రెండింటిలో ఒకటి ఆగిపోతే విమానం పడిపోదు. అయితే అదే ఎత్తులో నిలవలేక కొన్ని వేల అడుగులు కిందికి రావాలి. చుట్టూ ఏడువేల మీటర్ల శిఖరాలు ఉన్నచోట అది ప్రమాదం. దిగడానికి అనువైన విమానాశ్రయాలూ అక్కడ తక్కువ, ఉన్నవి చాలా ఎత్తున ఉన్నాయి. సిచువాన్‌లోని దావ్‌చెంగ్ యాదింగ్ విమానాశ్రయం 4,411 మీటర్ల ఎత్తులో, ప్రపంచంలోని పౌర విమానాశ్రయాలన్నిటికంటే పైన ఉంది. ప్రత్యేక ఆక్సిజన్ ఏర్పాట్లు, తప్పించుకునే దారుల ప్రణాళిక ఉన్న విమానాలే పీఠభూమి మీదుగా తిరుగుతాయి.

ఢిల్లీ నుంచి కున్‌మింగ్‌కు, అక్కడి నుంచి హనేదాకు విడివిడిగా అతి దగ్గరి దారులు కలిపితే దాదాపు 6,300 కిలోమీటర్లు. అంటే పర్వతాలను తప్పించుకోవడానికి 400 కిలోమీటర్లకు పైగా అదనం.

ఈ దారిలో సరిహద్దు దాటేచోట ఎత్తుల లెక్క కూడా మారుతుంది. భారత్, మయన్మార్ గగనతలంలో విమానాల ఎత్తులు అడుగుల్లో ఉంటాయి. చైనాలో మీటర్లలో ఉంటాయి. తూర్పుకు పోయే విమానం భారత్ మీద 37,000 అడుగుల వద్ద ఎగురుతూ ఉంటే, చైనాలోకి అడుగుపెట్టేటప్పుడు కంట్రోలర్ దానికి 11,300 మీటర్లు ఇస్తాడు. పైలట్లు తమ దగ్గరి పట్టిక చూసి దాన్ని 37,100 అడుగులుగా మార్చుకొని, విమానాన్ని వంద అడుగులు పైకి లేపుతారు.

విమానం వేగం దేనితో పోల్చి?

పెద్ద విమానాల వేగాన్ని ధ్వని వేగంతో పోల్చి మాక్ సంఖ్యలో చెబుతారు. బోయింగ్ 787 సాధారణంగా 0.85 మాక్ వద్ద ఎగురుతుంది. పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 56 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ చలిలో ధ్వని వేగం గంటకు 1,060 కిలోమీటర్లకు తగ్గుతుంది. అందులో 0.85 వంతు అంటే గంటకు 900 కిలోమీటర్లు.

ఈ 900 గాలితో పోల్చిన వేగం. రెక్కలకు కావలసిన ఎత్తుబలం వాటి మీదుగా పారే గాలి నుంచే వస్తుంది కాబట్టి విమానానికి ముఖ్యమైనది అదే. ప్రయాణికుడికి కావలసింది మాత్రం నేలతో పోల్చిన వేగం. గాలి నిశ్చలంగా ఉంటే రెండూ ఒకటే. గాలి కదులుతూ ఉంటే, ఏటిలో వెళ్లే పడవకు ప్రవాహం కలిసొచ్చినట్టో ఎదురైనట్టో, గాలి వేగం విమాన వేగానికి కలుస్తుంది, లేదా దాని నుంచి తీసివేత అవుతుంది. ఢిల్లీ–టోక్యో దారిలో ఆ గాలి ప్రపంచంలోనే అతి బలమైన వాటిలో ఒకటి.

జపాన్ మీది జెట్ ప్రవాహం

ఉత్తరార్ధగోళంలో తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు సన్నని పట్టీల్లా వేగంగా వీచే గాలులే జెట్ ప్రవాహాలు. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి ధ్రువాల వైపు కదులుతుంది. భూమధ్యరేఖ వద్ద భూ ఉపరితలం గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంది. 30 డిగ్రీల అక్షాంశం వద్ద ఆ వేగం 1,450 కిలోమీటర్లే. దక్షిణం నుంచి వచ్చిన గాలి తన పాత వేగాన్ని వెంట తెచ్చుకోవడంతో ఇక్కడి నేలకంటే ముందుకు, అంటే తూర్పుకు పరుగెడుతుంది. చల్లని ఉత్తరానికీ వెచ్చని దక్షిణానికీ మధ్య ఉష్ణోగ్రత తేడా ఎంత పెరిగితే ఈ పడమటి గాలి అంత బలపడుతుంది.

చలికాలంలో ఈ ప్రవాహం టిబెట్ పీఠభూమికి రెండు పక్కలా చీలుతుంది. దక్షిణపు పాయ హిమాలయాల పాదాల వెంట ఉత్తర భారతం మీదుగా సాగుతుంది. రెండు పాయలూ తూర్పు ఆసియా మీద మళ్లీ కలుస్తాయి. ఒకవైపు సైబీరియా నుంచి దిగే గడ్డకట్టించే చలి, మరోవైపు పసిఫిక్ వెచ్చదనం ఉండటంతో జపాన్ మీద ఆ కలిసిన ప్రవాహం మరింత ఉద్ధృతమవుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో అక్కడ గాలి వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటడం అరుదేమీ కాదు.

ఈ గాలిని మొదట పద్ధతిగా కొలిచినవాడు జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఓయిషి. టోక్యోకు ఈశాన్యంగా తతెనో పరిశోధనశాలలో 1920లలో ఆయన బెలూన్లు ఎగరేసి, థియోడలైట్‌తో వాటిని వెంబడించాడు. బెలూన్ ఏ దిక్కున, ఎంత కోణంలో కనిపిస్తున్నదో వరుసగా రాసుకుంటూ పోతే ఒక్కో ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంగా వీస్తున్నదో లెక్క తేలుతుంది. పైకి పోయేకొద్దీ చలికాలపు పడమటి గాలి విపరీతంగా పెరుగుతున్నదని ఆయన కనుగొన్నాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో 1926లో ఆ ఫలితాలను ఎస్పెరాంటో భాషలో ప్రచురించాడు. ఆ భాష తెలిసినవారు తక్కువ కావడంతో ఆయన శ్రమ బయటి దేశాల దృష్టికి రాలేదు. 1944 నవంబరులో టోక్యో మీదికి ఎత్తున ఎగిరి వచ్చిన అమెరికా బీ-29 బాంబర్లు నేలతో పోల్చి గంటకు 700 కిలోమీటర్ల వేగంతో కొట్టుకుపోయి గురి తప్పాయి. ఈ గాలి బలం అప్పుడు వారికి అనుభవంలోకి వచ్చింది.

యుద్ధం తర్వాత అదే గాలి ప్రయాణికుల విమానాలకు సాయమైంది. 1952లో పాన్ అమెరికన్ సంస్థ టోక్యో–హోనొలులు విమానాన్ని 25,000 అడుగుల ఎత్తున జెట్ ప్రవాహంలో నడిపింది. 18 గంటల ప్రయాణం పదకొండున్నర గంటలకు తగ్గింది.

ఒక చిన్న లెక్క

దారి పొడవు 6,300 కిలోమీటర్లు, విమాన వేగం గంటకు 900 కిలోమీటర్లు అనుకుంటే, గాలి లేనప్పుడు ప్రయాణం సరిగ్గా 7 గంటలు. దారి మొత్తమ్మీద సగటున గంటకు 150 కిలోమీటర్ల పడమటి గాలి ఉన్నదనుకుంటే, టోక్యో వెళ్లే విమానం నేలతో పోల్చి 1,050 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 6 గంటల్లో చేరుతుంది. తిరిగి వచ్చేటప్పుడు వేగం 750కి తగ్గి 8 గంటల 24 నిమిషాలు పడుతుంది.

పోనూ రానూ కలిపితే 14 గంటల 24 నిమిషాలు. గాలి లేకుంటే 14 గంటలే. వెళ్లేటప్పుడు మిగిలిన గంటను వచ్చేటప్పటి నష్టం మింగేసి ఇంకో 24 నిమిషాలు అదనంగా తీసుకుంది. కారణం సూటిగానే ఉంది: విమానం ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటుంది, వెనకగాలిలో తక్కువసేపు ఉంటుంది. అందుచేత గాలి స్థిరంగా ఒకే దిక్కున వీచినంతకాలం పోను–రాను ప్రయాణంలో ఎప్పుడూ నష్టమే. గాలి వేగం పెరిగేకొద్దీ ఆ నష్టం ఇంకా వేగంగా పెరుగుతుంది. 100 కిలోమీటర్ల గాలికి నష్టం పదిన్నర నిమిషాలే, 150కి 24 నిమిషాలు.

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి గాలిలోకి లేచిన విమానం నుంచి టోక్యో ఇంకా తూర్పుకు జరిగిపోవాలి గదా, అప్పుడు తూర్పు ప్రయాణమే ఆలస్యం కావాలి గదా అన్న సందేహం చాలామందికి వస్తుంది. ఢిల్లీలో రన్‌వే మీద నిలిచి ఉన్న విమానం భూమితో పాటు అప్పటికే గంటకు 1,467 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతూ ఉంటుంది. చుట్టూ ఉన్న గాలీ అంతే. గాలిలోకి లేచినంత మాత్రాన ఆ కదలిక పోదు. కాబట్టి భూభ్రమణం ప్రయాణ సమయాన్ని నేరుగా మార్చదు. జెట్ ప్రవాహాన్ని పుట్టించడం ద్వారా పరోక్షంగా మాత్రమే మారుస్తుంది.

ఋతువును బట్టి

వేసవిలో ఉత్తర, దక్షిణాల మధ్య ఉష్ణోగ్రత తేడా తగ్గి జెట్ ప్రవాహం బలహీనపడుతుంది. హిమాలయాల దక్షిణపు పాయ పీఠభూమికి ఉత్తరంగా తరలిపోతుంది. ఈ తరలింపుకూ భారతదేశంలో నైరుతి ఋతుపవనాల రాకకూ దగ్గరి సంబంధం ఉంది. ఢిల్లీ–టోక్యో రానుపోను సమయాల మధ్య తేడా ఆ నెలల్లో తగ్గి, చలికాలంలో మళ్లీ పెరుగుతుంది.

వానాకాలంలో దక్షిణ భారతం మీద, ఇంకా ఎక్కువ ఎత్తున, తూర్పు నుంచి పడమరకు వీచే మరో జెట్ ప్రవాహం ఏర్పడుతుంది. దాన్ని 1958లో వెలువడిన పత్రంలో వివరించినవాడు భారత వాతావరణ శాఖకు తర్వాత అధిపతి అయిన తెలుగు శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. వేడెక్కిన టిబెట్ పీఠభూమి ఆ ప్రవాహానికి మూలమని ఆయన చూపాడు. హైదరాబాద్ నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లే విమానాలకు ఆ కాలంలో ఈ తూర్పు గాలి కొంత కలిసొస్తుంది.

టైమ్‌టేబుల్‌లోని సమయం

టికెట్ మీద కనిపించే ప్రయాణ సమయం గాలిలో గడిపే సమయం ఒక్కటే కాదు. విమానం గేటు నుంచి కదిలినప్పటి నుంచి గమ్యంలో గేటు దగ్గర ఆగేదాకా లెక్క. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా నెమ్మదిగా సాగడం, వరుసలో నిలవడం, పైకి లేచేటప్పుడూ దిగేటప్పుడూ తగ్గే వేగం, దిగేముందు తిరిగే మలుపులు అన్నీ కలిపి ముప్పావుగంట దాకా తోడవుతాయి. పై లెక్కలోని 8 గంటల 24 నిమిషాలకు దీన్ని చేరిస్తే టైమ్‌టేబుల్‌లో కనిపించే తొమ్మిది గంటల పైచిలుకు వస్తుంది. సంస్థలు గత సంవత్సరాల అనుభవాన్ని చూసి వేసవికీ చలికాలానికీ వేర్వేరు సమయాలు ప్రకటిస్తాయి.

గడియారాల తేడా ఈ లెక్కను మరింత తికమక చేస్తుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల రేఖాంశం. అది ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడ జిల్లా మీదుగా పోతుంది. జపాన్ కాలానికి ఆధారం అకాషి నగరం మీదుగా పోయే 135 డిగ్రీల రేఖాంశం. తేడా 52.5 డిగ్రీలు. గంటకు 15 డిగ్రీల చొప్పున మూడున్నర గంటలు. ఢిల్లీలో రాత్రి 8 గంటలకు బయల్దేరి ఏడున్నర గంటలు ప్రయాణించినవాడు టోక్యోలో ఉదయం 7 గంటలకు దిగుతాడు. గడియారం ప్రకారం పదకొండు గంటలు గడిచాయి. తిరుగు ప్రయాణంలో టోక్యోలో పొద్దున 11:30కు బయల్దేరి తొమ్మిదింబావు గంటలు ప్రయాణిస్తే ఢిల్లీలో సాయంత్రం 5:15 అవుతుంది. గడియారం చూపేది అయిదు గంటల నలభై అయిదు నిమిషాలే. నిజానికి పొడవైన ప్రయాణం గడియారంలో పొట్టిగానూ, పొట్టి ప్రయాణం పొడవుగానూ కనిపిస్తుంది. రెండు నగరాల సమయాలనూ ఒకే కాలమానంలోకి మార్చి తీసివేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

దారి ఎంపిక, ఇంధనం

విమానం బయల్దేరడానికి కొన్ని గంటల ముందు సంస్థ కార్యాలయంలో డిస్పాచర్ ఆ రోజు దారిని సిద్ధం చేస్తాడు. పై ఎత్తుల్లో గాలి ఎలా ఉండబోతున్నదో లండన్, వాషింగ్టన్ పేర్లతో ఉన్న రెండు ప్రపంచ ప్రాంతీయ అంచనా కేంద్రాలు లెక్కగట్టి పంపుతాయి. ఎగురుతున్న విమానాలే తమ దారిలోని గాలినీ ఉష్ణోగ్రతనూ కొలిచి పంపే సమాచారం ఆ అంచనాలకు బలం. టోక్యో వెళ్లేటప్పుడు జెట్ ప్రవాహం ఉన్న ఎత్తునూ దారినీ వీలైనంత వెదికి పట్టుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు వీలైనంత తప్పించుకోవాలి. మారే గాలుల్లో తక్కువ సమయం పట్టే దారిని ఎలా కనుక్కోవాలన్న ప్రశ్నను గణిత సమస్యగా 1931లో పరిష్కరించినవాడు జర్మన్ గణితవేత్త ఎర్నస్ట్ జెర్మెలో. నేటి ఫ్లయిట్ ప్లానింగ్ కంప్యూటర్లు చేసేది ఆ సమస్యకు సాధనే. దానితోపాటు ఏ దేశం గగనతలం తెరిచి ఉంది, ఎవరికి ఎంత రుసుము కట్టాలి, సైనిక ప్రాంతాలు ఎక్కడ ఉన్నాయి అన్నవీ చూడాలి.

బోయింగ్ 787–8 గంటకు సుమారు 5 టన్నుల ఇంధనం తాగుతుంది. తిరుగు ప్రయాణంలో రెండు గంటలు ఎక్కువంటే 10 టన్నులు అదనం. ఆ అదనపు బరువును మోయడానికే మరికొంత ఇంధనం ఖర్చవుతుంది. దిగాల్సిన చోట వీలు కాకపోతే వేరే విమానాశ్రయానికి పోవడానికీ, ఆకాశంలో అరగంట తిరగడానికీ సరిపడా నిల్వ విడిగా ఉండాలి. ఎదురుగాలి మరీ బలంగా ఉన్న రోజుల్లో ఇంధనానికి చోటివ్వడానికి సరుకు తగ్గించాల్సి రావచ్చు.

మిగతా దారులకు

ఈ పద్ధతి ఏ రెండు విమానాశ్రయాలకైనా వర్తిస్తుంది. మహావృత్త దూరం తీసుకొని, పర్వతాల వల్లా గగనతల హద్దుల వల్లా పెరిగే దూరాన్ని కలపాలి. గాలిని కలిపిన వేగంతో దాన్ని భాగించి, నేల మీది సమయాన్ని చేర్చాలి. గాలి ప్రభావం ఎంతన్నది దారి ఏ అక్షాంశాల మీద, ఏ దిక్కుగా పోతున్నదన్నదాని మీద ఆధారపడుతుంది. హైదరాబాద్–సింగపూర్ మధ్య దూరం సుమారు 3,300 కిలోమీటర్లు. ఆ దారి ఆగ్నేయంగా, ఉష్ణమండలంలోనే సాగుతుంది. పడమటి జెట్ ప్రవాహం అంత దక్షిణానికి సాధారణంగా దిగదు కనుక పోను, రాను సమయాల మధ్య తేడా తక్కువ. 25 నుంచి 45 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య తూర్పు పడమరలుగా పోయే దారుల్లో మాత్రం, ముఖ్యంగా డిసెంబరు నుంచి మార్చి దాకా, ఒకే దూరానికి రెండు సమయాలు ఉంటాయి. ఢిల్లీ–టోక్యో వాటిలో ఒకటి.